ఎగిరి కొట్టిన బంతి

సాయంత్రం అయిదు గంటలయింది. ఆడవాళ్లు పొలం పని ముగించుకుని ఇళ్లకు వస్తున్నారు. దారిలో హైస్కూలు ఉంది. స్కూలు మైదానంలో ఆడపిల్లలు వాలీబాల్ ఆడుతున్నారు.

ఒక తల్లి ఆగి చూసింది. గీత వెనక ఆమె కూతురు నిలబడి ఉంది. కూతురు బంతిని పైకి విసిరింది. పరుగెత్తి ఎగిరింది. గాలిలోనే బంతిని కొట్టింది. బంతి వలకు తగిలి కింద పడింది. మళ్లీ కొట్టింది. ఈసారి కోర్టు దాటి కంచెలో పడింది. తల్లి లెక్కపెట్టింది. ఇరవై సార్లు కొడితే మూడే సరిగ్గా పడ్డాయి.

పక్కింటి అత్త కూడా చూసింది. "ఆడపిల్ల అట్లా ఎగురుతుంటే ఊరుకుంటావేమే? రేపు కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటారు?" అంది.

ఆ రాత్రి కూతురు సరిగ్గా అన్నం తినలేదు. "నాకు రాదమ్మా. రేపటి నుంచి ఆటకు వెళ్లను" అంది.

తల్లి ఏమీ అనలేదు. మర్నాడు తనే మైదానానికి వెళ్లింది. డ్రిల్లు టీచరమ్మను అడిగింది.

"టీచరమ్మా, నిలబడి కొట్టొచ్చు కదా? ఎగరడం ఎందుకండీ?"

ఎగరడం ఎందుకు?

టీచరమ్మ కోర్టు చూపించి చెప్పింది.

వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు. అంటే దాదాపు 60 అడుగులు. వెడల్పు 9 మీటర్లు. మధ్యలో వల ఉంటుంది. ఆడవాళ్ల ఆటలో వల ఎత్తు 7 అడుగుల 4 అంగుళాలు. బంతి బరువు పావుకిలో కంటే కొంచెం ఎక్కువ.

ఆట మొదలుపెట్టడానికి వెనక గీత అవతల నుంచి బంతిని కొడతారు. దీన్ని సర్వీసు అంటారు. బంతి వల మీదుగా పోవాలి. అవతలి వాళ్ల కోర్టులో పడాలి. నిలబడి మెల్లగా కొడితే అవతలి వాళ్లు తేలిగ్గా అందుకుంటారు. ఎగిరితే చెయ్యి ఇంకా పైకి పోతుంది. గట్టిగా కొట్టినా బంతి వల దాటుతుంది. వేగంగా వచ్చే బంతిని అందుకోవడం కష్టం. దీన్నే జంప్ సర్వీసు అంటారు.

"కానీ నష్టం కూడా ఉంది" అంది టీచరమ్మ. "బంతి వల దాటకపోయినా, గీత బయట పడినా పాయింటు అవతలి వాళ్లకు పోతుంది. అందుకే పిల్లలు భయపడతారు. ఇది ఒక్క పని కాదమ్మా. అయిదు పనులు. మీ అమ్మాయి అయిదూ ఒకేసారి చేయాలని చూస్తోంది. ఒక్కొక్కటే నేర్చుకోవాలి."

మొదటి పని: విసరడం

బంతిని ఎత్తుగా, కాస్త ముందుకు విసరాలి. నెత్తికి వెనకగా పోతే నడుం విరుచుకుని కొట్టాలి. మరీ ముందుకు పోతే అందదు.

టీచరమ్మ ముగ్గుపిండి తెచ్చింది. గీతకు కాస్త ముందు నేల మీద సున్నా గీసింది. "విసురు. కొట్టొద్దు. బంతి ఈ సున్నాలో పడాలి" అంది. వారం రోజులు అదే పని.

తల్లికి అర్థమయింది. చాటతో చెరగడం కూడా అంతే. బియ్యం ఎగరేస్తే మళ్లీ చాటలోనే పడాలి. దానికి బలం అక్కర్లేదు. చెయ్యి అలవాటు పడాలి.

రెండో పని: అంగలు

గీతకు మూడు నాలుగు అంగల వెనక నిలబడాలి. కుడిచేతి వాటం వాళ్లు ఎడమ కాలు, కుడి కాలు, ఎడమ కాలు వేయాలి. మొదటి అంగ నిదానంగా వేయాలి. చివరి రెండూ గబగబా వేయాలి. ఎడమచేతి వాటం వాళ్లు దీన్ని తిరగేసుకోవాలి. మొదట బంతి లేకుండానే ఇది నేర్చుకోవాలి.

మూడో పని: ఎగరడం

రెండు చేతులూ వెనక్కి ఊపాలి. మోకాళ్లు వంచాలి. చేతులు పైకి ఊపుతూ ఎగరాలి. ఎగిరేటప్పుడు కాలు గీతకు తగిలితే తప్పు. తొక్కుడుబిళ్లాటలో గీత తొక్కితే ఔట్ కదా. ఇక్కడా అంతే. కానీ బంతిని కొట్టాక కోర్టు లోపల దిగితే తప్పు లేదు.

నాలుగో పని: కొట్టడం

మోచెయ్యి పైకెత్తి వెనక్కి లాగాలి. చెయ్యి చాపినంత ఎత్తులో బంతిని కొట్టాలి. వేళ్లు విప్పి ఉంచాలి. అరచెయ్యి మొత్తం బంతికి తగలాలి. తగలగానే మణికట్టు ముందుకు వంచాలి. అప్పుడు బంతి ముందుకు దొర్లినట్టు తిరుగుతూ పోతుంది. అట్లా తిరిగే బంతిని గాలి కిందికి నొక్కుతుంది. అందుకే వల దాటాక బంతి గబుక్కున దిగుతుంది.

మొదట వలకు దగ్గరగా నిలబడి కొట్టాలి. బాగా వచ్చాక కొంచెం కొంచెం వెనక్కి జరగాలి.

అయిదో పని: దిగడం

పక్కింటి అత్త భయానికి జవాబు ఇక్కడ ఉంది. దిగడం తెలియకపోతే నిజంగానే దెబ్బ తగులుతుంది. రెండు కాళ్ల మీదా దిగాలి. మోకాళ్లు వంచి మెత్తగా దిగాలి. మోకాళ్లు లోపలికి వాలకూడదు. కాలు బిగబట్టి ఒంటికాలి మీద దిగితే మోకాలు దెబ్బతింటుంది.

ఆటకు ముందు కాసేపు మెల్లగా పరుగెత్తాలి. ఒళ్లు వేడెక్కాలి. కోర్టులో రాళ్లు ఏరెయ్యాలి. భుజమో మోకాలో నొప్పి పెడితే ఆట ఆపాలి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

"నెలసరి రోజుల్లో ఆడొచ్చా?" అని తల్లి మెల్లగా అడిగింది.

"ఓపిక ఉంటే ఆడొచ్చు. చెడేమీ లేదు. కాకపోతే తిండి ముఖ్యం. మగపిల్లాడికి పెట్టినట్టే ఈ పిల్లకూ పెట్టండి. పప్పు, గుడ్డు, ఆకుకూర, వేరుశనగ పెట్టండి. ఒంట్లో రక్తం లేకపోతే ఎగరలేదు" అంది టీచరమ్మ.

నూలు మిల్లు ఆడవాళ్లు

టీచరమ్మ ఇంకో సంగతి చెప్పింది.

వాలీబాల్ 1895లో అమెరికాలో పుట్టింది. విలియం మోర్గాన్ అనే వ్యాయామ గురువు ఈ ఆటను కనిపెట్టాడు. 1964లో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్ పోటీలలో చేరింది. ఆ పోటీలు జపాన్ రాజధాని టోక్యోలో జరిగాయి. జపాన్ ఆడవాళ్లు సోవియట్ యూనియన్ జట్టును ఓడించారు. బంగారు పతకం గెలిచారు.

ఆ జట్టులో చాలామంది ఒక నూలు మిల్లు ఉద్యోగులు. పగలు పని చేసేవాళ్లు. పని అయ్యాక రాత్రి పొద్దుపోయేదాకా ఆట నేర్చుకునేవాళ్లు. బంతి కోసం నేల మీదికి దూకేవాళ్లు. పడుతూనే దొర్లి వెంటనే లేచేవాళ్లు. వాళ్లు పడటం కూడా ఒక పనిగా నేర్చుకున్నారు. వాళ్ల శిక్షణ చాలా కఠినమైనది. అంత కఠినం మన పిల్లలకు అక్కర్లేదు.

ఎగిరి కొట్టే సర్వీసుకు 1984లో బాగా పేరు వచ్చింది. ఆ ఏడు అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ జరిగాయి. బ్రెజిల్ మగవాళ్లు ఈ సర్వీసు కొట్టి వెండి పతకం దాకా వెళ్లారు. ఇప్పుడు ఆడవాళ్లు కూడా ఎగిరి కొడుతున్నారు.

ఇరవైకి పదకొండు

కూతురు ఆట మానలేదు. నాలుగు నెలలు గడిచాయి. తల్లి మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై సార్లు కొడితే పదకొండు సరిగ్గా పడ్డాయి.

ఒకరోజు పక్క ఊరి స్కూలుతో పోటీ జరిగింది. కూతురు ఎగిరి కొట్టిన మొదటి బంతి వలకు తగిలింది. పాయింటు పోయింది. తర్వాత కొట్టిన రెండు బంతుల్నీ అవతలి వాళ్లు అందుకోలేకపోయారు. చివర్లో రెండు జట్లకూ సమానంగా పాయింట్లు వచ్చాయి. అప్పుడు ఆ అమ్మాయి ఎగరలేదు. జాగ్రత్తగా నిలబడి కొట్టింది. ఎప్పుడు ఎగరాలో తెలియాలి. ఎప్పుడు ఆగాలో కూడా తెలియాలి.

ఆట చూడటానికి పక్కింటి అత్త కూడా వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. బంతి కంచెలో పడితే తనే వెళ్లి తీసి ఇచ్చింది.

ఆలోచించండి

మీ ఊళ్లో ఆడపిల్లలు ఆడుకునే చోటు ఉందా?

ఆట నేర్చుకునే పిల్ల ఓడిపోయి ఇంటికి వస్తే మీరు ఏం చెబుతారు?

మీకు కొత్తగా వచ్చిన పని ఏది? దాన్ని మొదట ఎన్నిసార్లు తప్పు చేశారు?