చీటీ తప్పినచో నాణెము వెల మాఱునా?

పూజామందిరపు భరిణెలలో పాత వెండి రూపాయలను దాచియుంచు నాచారము పెక్కు తెలుగిండ్లలో గలదు. విశాఖపట్టణపు ఓడరేవు 1933వ సంవత్సరమున ప్రారంభమైన కాలమున చెలామణిలో నుండిన రూపాయి తులము తూకము గలది. అందు పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండియే. అట్టి నాణెములలో కొన్నింటికి సేకరించువారు వెండి ధరకు మించి వెల నిచ్చుచున్నారు. కావున వాని క్రయవిక్రయములలోని మెలకువలను గృహిణులు తెలిసికొనుట యవసరము.

ఈ కాలమున కొన్ని నాణెములు పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలలో బిగింపబడి, పైన ముద్రిత మగు చీటీతో అమ్మకమునకు వచ్చుచున్నవి. నాణెము అసలైనదా, ఎంత అరిగినది అను సంగతులను పరీక్షకులు తేల్చి, 1 మొదలు 70 వరకు గల అంకెలలో నొకదానిని చీటీపై నుంచెదరు. ఈ కొలతను 1949లో షెల్డన్ అను అమెరికా దేశీయుడు తమ దేశపు పాత రాగి సెంటుల కొఱకు ప్రకటించెను. తరువాత పీసీజీఎస్ అను సంస్థ 1986లోను, ఎన్‌జీసీ అను సంస్థ 1987లోను ఈ పరీక్షాకార్యమును ప్రారంభించినవి.

చీటీని సిద్ధము చేయువారును మనుష్యులే గదా! సంవత్సరమో, టంకశాల పేరో, రకమో తాఱుమా ఱగుట కలదు. అంతమాత్రమున నాణెము వెల మాఱునా?

ఒక యుదాహరణమును జూడుడు. ఆఱవ జార్జి చక్రవర్తి బొమ్మ గల 1938 నాటి రూపాయలు విరివిగా దొరకును. 1939 నాటివి మిక్కిలి యరుదు; 1940లో రూపాయిలోని వెండి సగమునకు తగ్గింపబడెను. 1938 నాటి రూపాయి పెట్టెపై పొరబాటున 1939 అని యున్నచో, ఆ రూపాయి 1938 నాటిదిగానే యుండును. చీటీని నమ్మి యధికముగా ధనమిచ్చిన యిల్లాలు నష్టపడును. పరీక్షా సంస్థలు నాణెము అసలుతనమునకును, స్థితికిని పూచీ పడునే గాని, కంటికి స్పష్టముగా గనబడు వ్రాతతప్పులకు పూచీ పడవు.

దీనికి విలోమముగా, అరుదైన నాణెముపై సామాన్యపు చీటీ పడవచ్చును. అప్పుడు చీటీని జూచి చవుకగా అమ్ముకొనినవారిదే నష్టము. స్థితిని దెలుపు అంకెలో తప్పు మఱింత ప్రమాదకరము. సంవత్సరమును ఎవరైనను చదువగలరు. 55కును 65కును గల భేదమును అలవాటు పడిన కన్నే గుర్తింపగలదు.

"తప్పు చీటీ గలది గనుక ఇది యపురూపము" అని కొందఱు వెల పెంచెదరు. వేడుకకై కొద్దిగా నెక్కువ యిచ్చువా రుందురేమో గాని, అది నిలుకడ గల విలువ కాదు. 1911 నాటి అయిదవ జార్జి రూపాయి సంగతి వేఱు. దానిపై రాజు ధరించిన హారములోని ఏనుగు పందివలె కనబడుచున్నదని ప్రజలు కలతపడగా, ప్రభుత్వము దానిని వెనుకకు తీసికొని, 1912లో బొమ్మను సవరించెను. ఆ లోపము నాణెముమీదనే యున్నది. కనుకనే సేకరించువారు దానిని వెదకుచున్నారు. చీటీలోని తప్పు ఱేపు క్రొత్త చీటీతో తీఱిపోవును.

కావున సోదరీమణులు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. కొనుటకు ముందు భూతద్దముతో నాణెముపైని సంవత్సరమును చదివి చీటీతో పోల్చిచూడవలెను. తప్పు గనబడినచో పెట్టెను పగులగొట్టక, అమ్మినవానికే తిరిగి యిచ్చుట మేలు. ఇంటనున్న పాత నాణెములను చింతపండుతో తోమరాదు. తోమిన నాణెమునకు సామాన్యముగా స్థితి యంకె దొరకదు. మఱియు నూఱేండ్లు దాటిన నాణెములు 1972 నాటి చట్టము ననుసరించి పురావస్తువులు. వానిని పరీక్షకై విదేశములకు స్వయముగా పంపుట నేరమగును.

విశాఖ సముద్రతీరమున, పాత డచ్చి బంగళాలో 1991లో నెలకొల్పబడిన విశాఖ మ్యూజియమున నాణెములును గలవు. పిల్లలను వెంటగొని పోయి వానిని నిదానముగా జూపినచో, వారి కన్నులకు అలవాటు గలుగును. చీటీ యొకరి అభిప్రాయము మాత్రమే. అమ్మమ్మ విడిచిపోయిన రూపాయి తన సంవత్సరమును తన యొంటిమీదనే ధరించి యున్నది. దానిని చదువ నేర్చిన యిల్లాలిని మోసగించుట సులభము కాదు.