వృద్ధాప్యంలో ఆరోగ్య బీమా: సంతకానికి ముందు చూడవలసినవి

అబ్బాజాన్ గుండెకు స్టెంటు వేయాలన్నా, అమ్మీజాన్ మోకాలి చిప్ప మార్చాలన్నా మన ఇళ్లలో ముందుగా చెయ్యి పడేది కూతురి పెళ్లికి దాచిన నగల మీదనే. అవీ చాలకపోతే వడ్డీ అప్పు గుమ్మం తొక్కుతుంది. అందుకే అరవై దాటిన తల్లిదండ్రులకు బీమా తీసుకోవచ్చునా, తీసుకుంటే ఏది మేలు అని పాఠకులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు.

బీమా జాయిజా, నాజాయిజా అనే విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. వడ్డీ ఉన్నదనీ, గరర్ ఉన్నదనీ అభ్యంతరం చెప్పేవారున్నారు, అవసరాన్ని బట్టి అనుమతించేవారూ ఉన్నారు. దానిపై ఫత్వా చెప్పడం మా పని కాదు. మీరు నమ్మే ముఫ్తీ సాహెబ్‌ను అడగండి. అయితే ప్రీమియం కట్టనవసరం లేని దారి కూడా ఉన్నది గనుక ముందు దాన్ని చూద్దాం.

2024 అక్టోబరు 29 నుండి 70 ఏళ్లు నిండిన ప్రతివారికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తున్నది. భార్యాభర్తలిద్దరూ 70 దాటినవారైతే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. దీనికి 'వయ వందన' కార్డు తీసుకోవాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది ఆధార్‌లోని వయసే. మన పెద్దవాళ్లలో, ముఖ్యంగా ఆడవారిలో, పుట్టిన తేదీ అంచనాగా రాయించినవారు ఎందరో! వయసు తక్కువ పడి ఉంటే, జబ్బు చేయకముందే సరిచేయించుకోవాలి. అంబులెన్సులో ఉండగా ఆ పని కాదు.

ఆరోగ్యశ్రీ మరో ఆధారం. 2007లో మొదలైన ఈ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్నది.

ఇక డబ్బు కట్టి తీసుకునే పాలసీల సంగతి. 65 దాటితే కొత్త పాలసీ దొరకదనే పాత అడ్డంకి 2024 ఏప్రిల్ 1న తొలగింది. అయినా వైద్య పరీక్షలు చూసి కంపెనీ కాదనవచ్చు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి లేదు. కొడుకు పాలసీలోనే తల్లిదండ్రులను చేరిస్తే, సాధారణంగా అందరిలో పెద్దవారి వయసును బట్టి ప్రీమియం పెరుగుతుంది. అందుచేత వారికి వేరుగా తీసుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

ప్రీమియం తక్కువని సంబరపడకముందు రెండు షరతులు వెతకండి. మొదటిది కో-పే. 20 శాతం కో-పే ఉంటే 2 లక్షల బిల్లులో 40 వేలు మీరే కట్టాలి. రెండవది గది అద్దె పరిమితి. రోజుకు 3 వేలే ఇస్తామన్న పాలసీతో 6 వేల గదిలో చేరారనుకోండి. మీ మీద పడేది ఆ తేడా 3 వేలు మాత్రమే అనుకోవద్దు. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, థియేటరు ఖర్చు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. మందులకు, శరీరంలో అమర్చే పరికరాలకు ఆ కోత వర్తించదు. బంధువుల ముందు గొప్పకు పెద్ద గది తీసుకునేవారు ఇది గమనించాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం దాచిపెట్టడం. "షుగర్ ఉన్నట్టు రాయకండి చాచా, ప్రీమియం తగ్గుతుంది" అని చెప్పే ఏజెంట్లున్నారు. అది అబద్ధం మీద సంతకం. క్లెయిమ్ వేళ పాత మందుల చీటీ బయటపడితే పాలసీయే రద్దు కావచ్చు, అప్పుడు ఆ ఏజెంటు కనిపించడు. ఉన్నదున్నట్టు చెబితే పాత జబ్బులకు వేచి ఉండవలసినది గరిష్ఠంగా 36 నెలలు, ఇంతకుముందు అది 48 నెలలు. ఎడతెగకుండా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం రుజువైతే తప్ప, ఏదో చెప్పలేదనే సాకుతో క్లెయిమ్ తిరస్కరించరాదు. కాబట్టి ఒక్క ఏడాది కూడా రెన్యువల్ తప్పనివ్వకండి.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టివేస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుమేమీ లేదు, వకీలూ అక్కరలేదు.

పాలసీ కాగితం చేతికి వచ్చాక నచ్చకపోతే తిప్పి పంపడానికి 30 రోజుల గడువుంటుంది. కాలేజీకి వెళ్లే మనవడినో మనవరాలినో కూర్చోబెట్టి, ఆ ఇంగ్లీషు కాగితాన్ని మొదటి వారంలోనే చివరి పేజీ దాకా చదివించుకోండి.