తాళం వేసినంత మాత్రాన బాధ్యత తీరదు

బెంగళూరు జాలహళ్లిలో 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో మొదలైన ప్రభుత్వ రంగ హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ కొన్ని తరాల భారతీయుల చేతికి తొలి వాచీ తొడిగింది. రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునే ‘జనతా’ అక్కడి నుంచి వచ్చిందే. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్‌ను, హైదరాబాద్ మౌలాలిలోని హెచ్‌ఎంటీ బేరింగ్స్‌ను మూసేయాలని నిర్ణయించింది. ఉద్యోగులకు 2007 నోషనల్ వేతన స్కేళ్ల లెక్కన స్వచ్ఛంద పదవీ విరమణ ప్యాకేజీ ప్రకటించింది. తర్వాత బెంగళూరు, తుమకూరుల్లోని 208 ఎకరాలను సుమారు 1,194 కోట్ల రూపాయలకు ఇస్రోకు అప్పగించేందుకు ఆమోదించింది. భూమికి కొత్త పని చూపించిన ప్రభుత్వం మనుషులను మాత్రం చెక్కు చేతిలో పెట్టి పంపేసింది.

ఇంతకంటే మంచి దారి ప్రభుత్వానికి తెలియక కాదు. కేంద్ర కార్యాలయాల్లో పోస్టు రద్దయితే శాశ్వత ఉద్యోగిని మిగులు సిబ్బందిగా గుర్తించి వేరే చోట సర్దుబాటు చేయడానికి 1990 నుంచే నిబంధనలున్నాయి. 2013 జులైలో టెలిగ్రాం సేవలు ఆగిపోయినప్పుడు బీఎస్‌ఎన్‌ఎల్ ఆ సిబ్బందిని ఇతర విభాగాల్లోకి తీసుకుంది. అయితే హెచ్‌ఎంటీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల కార్మికుడికి ఆ 1990 రక్షణ వర్తించదు. కార్మికులకు కొత్త పని నేర్పించేందుకని 1992లో పెట్టిన జాతీయ పునరుద్ధరణ నిధి కూడా చాలావరకు స్వచ్ఛంద విరమణ చెల్లింపులకే ఖర్చయింది.

నష్టాల సంస్థను ప్రజల సొమ్ముతో ఎన్నాళ్లు నడపాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. క్వార్ట్జ్ వాచీలతో టైటన్ దూసుకొచ్చినప్పుడు హెచ్‌ఎంటీ వేగంగా మారలేకపోయింది. కానీ ఆ నిర్ణయాలు తీసుకున్నది అసెంబ్లీ లైన్‌లో కూర్చున్న కార్మికుడు కాదు. విరమణ స్వచ్ఛందమే కదా అనేవారూ ఉన్నారు. గేటు మూతపడుతుందని తెలిశాక పెట్టే సంతకంలో ఇష్టం పాలెంత? యాభై దాటినవాడికి జీతంతో పాటు క్వార్టరూ పోతే, పిల్ల పెళ్లికి, ఇంటి అప్పుకి ఆ ప్యాకేజీ మొత్తం ఎన్నేళ్లు ఆగుతుంది?

మూసేయకుండా తరలించినా కష్టాలు తప్పవు. 2012లో బెళగావిలో కర్ణాటక రెండో శాసనసభా భవనం సువర్ణ విధానసౌధ ప్రారంభమైనప్పటి నుంచి బెంగళూరులోని రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలను అక్కడికి పంపాలన్న డిమాండు ఉంది. ఉత్తర కర్ణాటకకు అది న్యాయమే. అయితే ఉద్యోగి వెంట భార్యాభర్తల్లో రెండోవారి కొలువు, పిల్లల చదువు కదలాలి. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి మారినప్పుడు వారానికి ఐదు పనిదినాలు ఇచ్చారు. తరలివచ్చేవారి పిల్లలకు స్థానికత దక్కేలా రాష్ట్రపతి ఉత్తర్వులను సవరింపజేశారు. ఇబ్బందులన్నీ తీరలేదు గానీ, కుటుంబాన్ని లెక్కలోకి తీసుకున్నందువల్లే వేలమంది కదలగలిగారు.

కాబట్టి మూసివేత ఉత్తర్వుతో పాటే మూడు విషయాలు తేలాలి: ఏ శాఖల్లో ఖాళీలున్నాయి, ఎవరికి ఏ శిక్షణ ఇస్తారు, కాంట్రాక్టు సిబ్బందికి పరిహారం ఎంత. భూమి అమ్మకపు సొమ్ములో మొదటి వాటా దీనికే కేటాయించాలి. సంస్థ ఆస్తులకు లెక్క కట్టే ప్రభుత్వం, వాటిని సృష్టించిన చేతులకు పని చూపడం కూడా తన బాధ్యతేనని చట్టంలో రాసుకోవాలి.