అగ్నిశిఖ

తొలకరి వానలు కురిసిన కొలది దినములకే కంచెలమీదను పొదలలోను ఒక సన్నని తీగె ప్రాకుచు కనబడును. వేసవిలో అచ్చట దాని జాడయే యుండదు. వానకాలము ముదురునప్పటికి ఆ తీగె నిండ మంటలవంటి పూవులు పూచును. అందుచేతనే దీనికి అగ్నిశిఖ యను పేరు కలిగినది. అడవినాభి యనియు వాడుక కలదు. వసనాభి యనునది వేఱొక మొక్క. కావున పేరును నమ్ముకొని దీనిని గుర్తింప బూనుట మంచిది కాదు.

ఆకును చూడవలెను. కాకర, బీర తీగెలకు నులితీగెలు వేరుగా పుట్టును. అగ్నిశిఖకు అట్లు గాక, ఆకు కొనయే సాగి, సన్నబడి, మెలికలు తిరిగి, అందిన కొమ్మను పట్టుకొనును. పూవు మరింత విచిత్రము. మొగ్గ తల వంచుకొని యుండును. విచ్చిన పిమ్మట ఆరు రేకులును వెనుకకు మడిగి, అంచులు అలలవలె ముడుతలుపడి, పైకి లేచి నిలుచును. మొదట పసిమి కలిసిన ఆకుపచ్చ రంగు, పిదప అడుగున పసుపు, కొనలయందు ఎరుపు, తుదకు రేకంతయు ఎరుపు. ఒకే తీగెపై ఈ రంగులన్నియు ఒక్కమారే కనబడుటచే చూపరులు అవి వేర్వేరు పూవులని భ్రమపడుటయు కలదు. ఆరు కేసరములును నలుదెసలకు చాచుకొని యుండగా, కీలము మాత్రము మొదటనే లంబకోణముగా వంగి ప్రక్కకు తొలగిపోవును. అందువలన పూవు పుప్పొడి దాని కీలాగ్రముపైననే పడుట అరుదు.

నేలపై నింత స్పష్టముగా తెలియు ఈ మొక్క నేలలోపల మాత్రము మోసగించును. దాని దుంప రెండు కొమ్ములతో నాగలివలె వంగియుండును. సంస్కృతమున దీనికి లాంగలి యను పేరు అందువలననే వచ్చినది. ఆకులు రాలిన పిమ్మట త్రవ్విన దుంపను చిలగడదుంప యనుకొని వండుకొని తిన్నవారు శ్రీలంకలో పలువురు మరణించిరి. మొక్క యంతటను కాల్చిసిను అను విషము కలదు. ఉడికించినను అది పోదు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనములు మొదలగును. పిమ్మట మూత్రపిండములు, గుండె దెబ్బతినును. బ్రతికి బయటపడినవారికి సైతము కొన్నాళ్ళకు తలవెండ్రుకలు రాలిపోవుట కద్దు. ఎవరైన పొరపాటున తిన్నచో, బాధ కలుగువరకు వేచియుండక, మిగిలిన దుంపముక్కతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఈ విషమే తగిన మోతాదులో ఔషధము. కీళ్ళు వాచి భరింపరాని నొప్పి కలిగించు గౌటు వ్యాధికి వైద్యులు దీనిని వాడుదురు. కాల్చిసిను మొక్కల క్రోమోసోములను రెట్టింపు చేయునని 1937లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. గింజలు లేని పుచ్చకాయ ఆ మార్గముననే లభించినది. ఇందుకొరకే తమిళనాడులో రైతులు అగ్నిశిఖను పందిళ్ళమీద సాగుచేసి గింజలను అమ్ముచున్నారు. కీలము ప్రక్కకు వంగియుండుటచే కూలీలు ప్రతిదినము పూవుపూవునకును చేతితో పుప్పొడి అంటింపవలసి వచ్చును. ఆ రాష్ట్రపు పుష్పము ఇదియే. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశపు జాతీయపుష్పము కూడ ఇదియే.

పెరటిలో పెంచగోరువారు నీరు నిలువని ఇసుక కలిసిన ఎర్రనేలను ఎన్నుకొనవలెను. దుంప కొమ్ము చివర ఒకేయొక మొలక కన్ను ఉండును. అది విరిగినచో ఆ కొమ్ము మొలకెత్తదు. కావున దుంపను గ్రుడ్డువలె పట్టుకొని, తొలకరికి ముందు రెండు మూడు అంగుళముల లోతున పరుండబెట్టి మన్ను కప్పవలెను. కొమ్మలతో దడి కట్టవలెను. గింజ నాటినచో పూవుకొరకు కొన్ని సంవత్సరములు ఓపిక పట్టక తప్పదు. ముట్టిన పిమ్మట చేతులు కడుగుకొనవలెను; పసిపిల్లలు, పశువులు తిరుగు చోట దీనిని నాటనే కూడదు.

ఆకులు పండబారగానే నీరు పోయుట మానవలెను. పాత దుంప నశించి, క్రొత్త దుంప నేలలో నిదురించును. పైన ఏ ఆనవాలును మిగులదు. కనుక తీగె ఎండిపోకముందే అచ్చట ఒక గుర్తుకొయ్య పాతి, దానిపై మొక్క పేరును, ‘విషము’ అను మాటను వ్రాసి యుంచవలెను.