వాగు దగ్గర ఆగిన జీపు

కిషన్‌బాగ్‌లో మా ఇంటికి మూసీ నది నడక దూరమే. ఏడాదిలో ఎక్కువ కాలం అది ఉన్నదని వాసన వల్లనే తెలుస్తుంది. ఎగువన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తారన్న కబురు వచ్చినప్పుడు మాత్రం వీధివీధినా దాని పేరే వినిపిస్తుంది. ఈ నది నగరానికి పడమట సుమారు 80 కిలోమీటర్ల దూరాన, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుడుతుంది. పుట్టినచోట ఆ నీరు ఎలా ఉంటుందో చూడాలని మా అన్నగారి మనుమరాలికి కోరిక. ఆమె తండ్రి ఇటీవల ఒక థార్ జీపు కొన్నాడు, ఎవరో వాడినదే. అనంతగిరి దాకా చక్కని తారురోడ్డు ఉన్నది. కానీ జీపు కొన్నవాడు తారురోడ్డున ఎందుకు వెళ్తాడు!

బయలుదేరే ముందు మా వీధి మెకానిక్ ఉస్తాద్ బండి చూసి, లావుపాటి తాడు ఒకటి వెనుక పడేశారు. "దీన్ని వాడకుండా తిరిగి తెచ్చిస్తే నీకు నడపడం వచ్చినట్టు, బేటా" అన్నారు. ఈ జీపులు చేసే సంస్థ 1945లో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్ అని, భాగస్వామి అయిన మాలిక్ గులాం మొహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థిక మంత్రి అయ్యారని, 1948లో పేరు మారిందని కూడా ఆయనే చెప్పారు. ఉస్తాద్ దగ్గర బండి బాగవడానికి ఎంత సేపు పడుతుందో కథలు వినడానికీ అంతే సేపు పడుతుంది.

సవారీ దుఆ చదివి ఉదయాన్నే బయలుదేరాము. మొయినాబాద్, చేవెళ్ల దాటేవరకు రోడ్డుకు ఇరువైపులా పాత మర్రిచెట్ల నీడ. అడవిలోని బాటలకు అనుమతి కావాలి కనుక అటు పోలేదు. వికారాబాద్ ఇవతల పొలాల మధ్యనున్న బండ్ల బాట పట్టాము. ఇలాంటి దారులకు రెండు వాహనాలైనా కలిసి వెళ్లాలన్నది అనుభవజ్ఞుల మాట. మేము ఒక్కటే తీసుకుపోయాము, అది మా తప్పు.

బాట మొదట్లోనే మావాడు టైర్లలో గాలి 20కి తగ్గించాడు. గాలి తగ్గితే టైరు నేలపై వెడల్పుగా పరచుకొని పట్టు పెరుగుతుంది. రాళ్ల దిగుడు వచ్చినప్పుడు చిన్న లివరును 'ఫోర్ లో'లో వేశాడు. అప్పుడు ఇంజిను బలం నాలుగు చక్రాలకూ చేరుతుంది, వేగం బాగా తగ్గి లాగే శక్తి దాదాపు రెండున్నర రెట్లవుతుంది. బ్రేకు తొక్కకుండా, ఇంజినే బండిని పట్టి ఉంచగా, మనిషి నడకకన్నా నెమ్మదిగా దిగాలి. మా కోడలు దిగి ముందు నడుస్తూ, ఏ చక్రం ఏ రాయిమీద పడాలో చేతితో చూపింది. నిజానికి ఆ దిగుడున బండి నడిపింది ఆమే అనాలి.

నల్లరేగడి దగ్గర మాత్రం చేయి చూపడం పనిచేయలేదు. ముందురోజు వానకు నానిన మట్టి టైర్ల గాడులలో నిండి, నాలుగు చక్రాలూ నున్నని బంతుల్లా తిరిగాయి. మావాడు కంగారులో ఇంకా తొక్కాడు, బండి ఇరుసుదాకా దిగింది. చివరికి ఉస్తాద్ తాడే దిక్కయింది. ఒక రైతు ట్రాక్టరుతో లాగి, డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. ముందు వాగు పారుతున్నదని, అది మూసీలోకే పోతుందని చెప్పాడు.

వాగు వెడల్పు ఇరవై అడుగులు ఉండవచ్చు. ఎర్రని నీరు, వడిగా ఉన్నది. మావాడు ఒడ్డున నిలబడి కర్ర దించి చూశాడు. మోకాలి పైదాకా తడిసింది. "చాచా, ఈ బండి 650 మిల్లీమీటర్ల నీటిలో పోతుందని కంపెనీవాళ్లే చెప్పారు" అన్నాడు. ఆ లెక్క మేమూ చదివాము. అది నిలిచి ఉన్న నీటికి వర్తించే లెక్క. అమెరికా జాతీయ వాతావరణ సేవ ప్రజలకు చెప్పే హెచ్చరిక వేరు. వడిగా పారే నీరు ఒక అడుగు ఉంటే చాలా కార్లను, రెండడుగులుంటే జీపులనూ ట్రక్కులనూ సైతం తోసుకుపోగలదు. రెండడుగులంటే 610 మిల్లీమీటర్లు. ఒక ఘనపు మీటరు నీటిని పక్కకు తోసిన వాహనం వెయ్యి కిలోల బరువు కోల్పోతుంది. నేలను అదమలేని చక్రాలు రెండు తిరిగినా నాలుగు తిరిగినా ఒకటే.

మేము వాదిస్తూ ఉండగానే మరొక జీపు వచ్చి, ఆగకుండా నీటిలోకి దిగి, కొంచెం పక్కకు జారి, ఆవలి ఒడ్డెక్కింది. మావాడు మా ముఖం చూశాడు. మాకు 2020 అక్టోబరు 13 రాత్రి గుర్తుకు వచ్చింది. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి, బెంగళూరు జాతీయ రహదారి మీద పోతున్న వాహనాలు కొట్టుకుపోయాయి. కిషన్‌బాగ్‌కు అది ఎంత దూరం! తారురోడ్డు మీద, నిత్యం తిరిగే దారిలో పోయినవారు వారు. "పాప వెనుక కూర్చొని ఉన్నది. తిప్పు" అన్నాము.

తిప్పాడు, కానీ మాట్లాడలేదు. గట్టు మీద అసర్ నమాజు చేసుకున్నాక కూడా మాట్లాడలేదు. అప్పటికే పొద్దు వాలింది, అనంతగిరి చూడలేకపోయాము. పాప మాత్రం తల్లి చేయి పట్టుకొని, ఒడ్డునున్న మడుగులో నీళ్లసీసా నింపుకొన్నది. ఇల్లు చేరేసరికి ఎర్రమన్ను అడుగున పేరుకొని పైనీరు తేటగా నిలిచింది. మూసీలో ఇలాంటి నీళ్లు కూడా ఉంటాయా అని ఆమె రెండుసార్లు అడిగింది.

మరునాడు తాడు ఇవ్వడానికి ఇద్దరమూ వెళ్లాము. ఉస్తాద్ దానిమీద ఎండిన మట్టిని గోటితో గీకి, "రేగడి" అని, తాడును మేకుకు తగిలించారు.

"వాగు దాటారా?"

"లేదు ఉస్తాద్" అన్నాడు మావాడు, తల వంచుకొని.

ఆయన కుర్రవాణ్ణి పిలిచి మూడు చాయ్‌లు తెమ్మన్నారు.