దిగకుండా మళ్లీ పైకి

2024 మార్చి 18న బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద విమానాలు దిగాయి. 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పోసి, అత్యవసర సమయాల కోసం వాయుసేనకు సిద్ధం చేసిన రోడ్డు అది. ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. సుఖోయ్ యుద్ధ విమానాలు, హాక్ శిక్షణ విమానాలు మాత్రం రోడ్డు దాకా వచ్చి, దిగకుండానే పైకి లేచిపోయాయి. నాకు ఎక్కువ నచ్చింది ఆ లేచిపోవడమే. ప్రయాణికుల విమానాల్లో దాన్ని ‘గో ఎరౌండ్’ అంటారు. దిగే తీరు కుదరలేదనిపిస్తే వదిలేసి, చుట్టు తిరిగి మళ్లీ రావడం.

తెనాలిలో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లను పైలట్ చేయాలనుకున్న ఇంట్లో మొదట అడిగేది ఎగిరే గంటల గురించే. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం పూర్తి బాధ్యత తనదే. తర్వాత ఎయిర్‌బస్‌కో బోయింగ్‌కో విడిగా శిక్షణ పొంది, కోపైలట్‌గా కుడి సీట్లో కూర్చోవాలి. కెప్టెన్ కావడానికి కావలసిన లైసెన్సుకు 1,500 గంటలు ఉండాలి. లాగ్‌బుక్‌లో ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. ఆ నిమిషాల్లో ఏం నేర్చుకున్నారన్నది మాత్రం అందులో కనిపించదు.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరు రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, 8 మంది బతికారు. కెప్టెన్‌ది 10,000 గంటలకు పైబడిన అనుభవం. విమానం ఉండవలసినదానికన్నా బాగా ఎత్తులో ఉంది. గో ఎరౌండ్ చేద్దామని కోపైలట్ మూడుసార్లు అన్నాడు. హెచ్చరిక యంత్రం అరుస్తూనే ఉంది. దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయిన కెప్టెన్ నిర్ణయాన్ని ఆ మత్తు దెబ్బతీసి ఉండవచ్చని విచారణ నివేదిక చెప్పింది.

ఆగాల్సినచోట ఆగడం సముద్రం మీదా ఉంది. రేపల్లె దిగువన నిజాంపట్నంలో బోటు నడిపే సరంగు పనితనం, నీరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తెలుస్తుంది. ఇసుక మేట వేసినచోట, పోటు వచ్చేదాకా బోటును బయటే ఆపుకోవడం కూడా పనితనమే. ఇల్లు కనిపిస్తున్నా ఆగాలి.

2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది పోయారు. ఆ తర్వాత అక్కడ కోపైలట్‌కు కూడా, కొన్ని మినహాయింపులతో, 1,500 గంటలు తప్పనిసరి చేశారు. కానీ కూలిన విమానం కెప్టెన్‌కు అప్పటికే 3,379 గంటలు, కోపైలట్‌కు 2,244 గంటలు ఉన్నాయి. గంటలు చాలక జరిగిన ప్రమాదం కాదది. విమానం వేగం తగ్గి స్టాల్‌కు చేరువైంది. ఎదురుగాలికి రెక్కను వాలుగా ఎత్తేకొద్దీ అది విమానాన్ని పైకి మోస్తుంది. ఆ వాలు సుమారు 15 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పోవలసిన గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. మోసే బలం ఉన్నట్టుండి పడిపోతుంది, అదే స్టాల్. అప్పుడు విమానం ముక్కును కిందికి వంచాలి. పడిపోతున్న మనిషికి అది తోచదు, పైకి లాగాలనిపిస్తుంది. ఆ కెప్టెన్ లాగాడు. అందుకే 2013లో అక్కడ గంటల నిబంధనతోపాటు, పూర్తి స్టాల్‌లోకి వెళ్లి బయటపడే సాధనను కూడా సిమ్యులేటర్ శిక్షణలో చేర్చారు. నాకు రెండోదే విలువైనదిగా కనిపిస్తుంది.

అమావాస్య రాత్రి సూర్యలంక తీరాన నిలబడితే సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. వేట పడవల దీపాలు చుక్కల్లో కలిసిపోతాయి. అలాంటి చీకట్లో విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగితే లోపలి చెవిలోని ద్రవానికి అది పట్టుబడదు. తిన్నగానే పోతున్నామని ఒళ్లు నమ్మిస్తుంది. దాని మాట పక్కనపెట్టి ఎదురుగా ఉన్న పరికరాల మాట వినాలి. పట్టపగలు ఒకే ఊరి మీద చక్కర్లు కొట్టిన వెయ్యి గంటలు దీన్ని నేర్పవు.

అందుకే 10,000 గంటల కెప్టెన్ కూడా ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో పరీక్షకు కూర్చుంటారు. గాల్లోకి లేస్తుండగా ఇంజను ఆపేస్తారు, రన్‌వేను పొగమంచులో దాచేస్తారు. కుడి సీటులోని కుర్రవాడు ‘గో ఎరౌండ్’ అనగానే ఎడమ సీటులోని చెయ్యి థ్రాటిల్‌ను ముందుకు తోస్తుందా లేదా అని వెనక కూర్చున్న పరీక్షకుడు చూస్తాడు.