భాగవతం – భాగోతం

మా చెల్లెలు కూచిపూడి నేర్చుకుంటానని అడిగితే మా నాన్న ఒక్క మాటతో తేల్చేశారు: "వ్యవసాయం చేసుకునే ఇంట్లో ఈ భాగోతాలేమిటే?"

మాది దివిసీమ. కూచిపూడి మాకు పొరుగే. అంత దగ్గరి విద్య మా ఇంట్లో తిట్టు ఎలా అయింది? నేను సైన్సు విద్యార్థినే అయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

'భాగవతుడు' అంటే భగవంతుని భక్తుడు. ఆ కథల్ని ఆడి పాడేవారు గనుక కూచిపూడివారూ భాగవతులే అయ్యారు. వీరు సన్యాసులు కారు, పెళ్లాం పిల్లలున్న గృహస్థులు. గోల్కొండ తానీషా వీరి ఆటకు మెచ్చి అగ్రహారం ఇచ్చాడంటారు. సమ్మెట గురవరాజు అనే పాలకుడి దురాగతాలను వీరు విజయనగర ప్రభువు ఎదుట ఆడి చూపించారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. అంటే వారు బయటపెట్టింది దొరల గుట్టు! కాని నేడు హాస్టల్లో ఎవరి గుట్టు రట్టయినా "వాడి భాగోతం బయటపడింది" అంటాం. వార్షికోత్సవంలో కూచిపూడికి చప్పట్లు కొట్టేదీ మనమే.

ఇలాంటి మాట ఐరోపాలోనూ ఉంది: 'బెగీన్'. పదమూడవ శతాబ్దంలో నేటి బెల్జియం, హాలెండు ప్రాంతాల్లో కొందరు స్త్రీలు మఠంలో చేరకుండా, జీవితాంతపు ప్రతిజ్ఞలు లేకుండా కలిసి బతికారు. ప్రార్థన చేస్తూ, నేత పనితో పొట్టపోసుకుంటూ, రోగులకు సేవ చేశారు. కావాలంటే బయటికి వెళ్లి పెళ్లీ చేసుకోవచ్చు. మగవారి అదుపులో లేని ఈ ఆడవాళ్లపై మతపెద్దలకు అనుమానం. వారిలో ఒకరైన మార్గరీత్ పొరెత్‌ను 1310లో పారిస్‌లో సజీవదహనం చేశారు. వారి తలముసుగు పేరే ఫ్రెంచిలో క్రమంగా 'వలపు'కు మారుపేరైంది. దాన్నుంచే మార్టినిక్, గ్వాడలూప్ దీవుల జంటనృత్యానికి ఆ పేరు వచ్చిందంటారు. చివరి బెగీన్ 2013లో కన్నుమూశారు.

రెండు చోట్లా భక్తి మాట ఆట మాటయింది, ఆపైన చులకనైంది. ఒక తేడా ఉంది. అక్కడ అందరూ స్త్రీలు. ఇక్కడ సత్యభామ జడ వేసుకున్నదీ మగవారే. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు స్త్రీలకు నేర్పారు. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో అకాడమీ పెట్టాక ఎందరో ఆడపిల్లలు గజ్జె కట్టారు.

ఇదంతా ఇంట్లో చెబితే మా నాయనమ్మ అందుకుంది: "కుప్పనూర్పిళ్లయ్యాక భాగవతులొస్తే మీ తాత ముందు వారికి ధాన్యం కొలిచి, ఆ తర్వాతే గాదెలో పోయించేవాడురా!"

నాన్న ఇంకా సరేననలేదు. కాని ఆ మాట మళ్లీ అనలేదు. చెల్లెలు మాత్రం రోజూ అడుగుతూనే ఉంది.